సుద్దపొడి మీద నల్లగీత

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగగానే థిన్నర్ వాసన ముక్కుపుటాలకు తగిలింది. మూడో అంతస్తులో ఉండే కంప్యూటర్ ఉద్యోగి కుర్రాడు తన కారు చక్రాన్ని విప్పి, పాత దుప్పటి మీద పడుకోబెట్టి, గోడకు రాసుకుపోయిన అల్లాయ్ రిమ్ముకు తానే మెరుగు పెట్టుకుంటున్నాడు. తడిపిన గరుకు కాగితం లోహం మీద సర్ సర్ మని ఆడుతోంది. నలభై ఏళ్ళకు పైగా వినని చప్పుడు. చేతిలోని పాల ప్యాకెట్ సంగతి మరిచి నిలబడిపోయాను.

"వాసన ఇబ్బందిగా ఉందా అంకుల్? ఐపోయింది, ఇక రంగు కొట్టుడే" అన్నాడు.

"ఐపోలేదు. ఇంకా రుద్దాలి" అన్నాను.

"నున్నగనే ఉంది కదా అంకుల్."

"కళ్ళు మూసుకొని గోరు నడిపించి చూడు."

ముసలాయన సరదా తీర్చుదామన్నట్టు కళ్ళు మూసుకొని బొటనవేలి గోరును అంచు వెంట నడిపించాడు. ఒకచోట గోరు ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే అక్కడేమీ కనిపించలేదు. మళ్ళీ మూసుకొని నడిపించాడు. మళ్ళీ అక్కడే ఆగింది. "ఇక్కడ సన్నగా మెట్టు తగులుతోంది! మీరు మెకానికల్ చదివారా అంకుల్?" అని అడిగాడు.

"లేదు. ఓదెమ్మక్క దగ్గర చదువుకున్నాను" అన్నాను.

ఓదెమ్మక్క ఎవరో ఆ కుర్రాడికే కాదు, ఈ వ్యాసం చదివేవారెవరికీ తెలియదు. డెబ్భైల చివర్లో నేను హనుమకొండలో ఒక సర్కారు ఆఫీసు గుమాస్తాను. వయసు ఇరవై ఆరు. సుబేదారిలో ఒక పెంకుటింట్లో సగం భాగం అద్దెకు తీసుకున్నాను. మిగతా సగంలో ఓదెమ్మ, ఆమె అత్త ఉండేవారు. వాకిలి ఇద్దరికీ ఉమ్మడి. పొద్దంతా ఫైళ్ళు, సాయంత్రమంతా వాదాలు, ఇదీ నా జీవితం. జాతకాలు, ముహూర్తాలు, శకునాలు, వాటి మీద బతికేవాళ్ళు, వాటికి భయపడి చచ్చేవాళ్ళు, అందరితోనూ నాకు తగాదాయే. మా హేతువాద మిత్రుల్లో నా నోటికి పేరుండేది. ఎదుటివాడి వాదం కూలితే చాలు, లోకం ఒక అంగుళం ముందుకు జరిగిందని నమ్మేవాణ్ణి. కూలిన వాదం కింద మనుషులెవరైనా పడ్డారా అని వంగి చూసే అలవాటు నాకు లేదు. ఆ అలవాటు చేసింది ఓదెమ్మక్కే.

ఆమెకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. భర్త మోటారు షెడ్డులో పెయింటరు. బతికున్నప్పుడు కార్ల రిమ్ములను ఇంటికి తెచ్చేవాడు. తుప్పు తీయడం, పాత రంగు ఒలవడం, రుద్దడం ఆమె పని. రంగు కొట్టడం ఆయన పని. కాన్పులో పిల్లను, తర్వాత రెండేళ్ళకు భర్తను పోగొట్టుకుంది. రంగు కొట్టే పని కూడా ఆమె చేతికే వచ్చింది. అంబాసిడర్లు, ఫియట్లు, ఆఫీసు జీపులు, ఏ బండి రిమ్ములైనా టైర్లు ఊడదీసుకొని రిక్షాలో మా వాకిట్లోకి వచ్చేవి. వేడినీళ్ళలో కాస్టిక్ సోడా కలిపి, ఆ తొట్టిలో రిమ్మును ముంచి, పాత రంగు మెత్తబడి పొరలు పొరలుగా లేచాక తీగ బ్రష్షుతో తోమేది. కడిగి, తుడిచి, ఎండబెట్టి, గరుకు కాగితం అందుకునేది. మొదట ముతకది, తర్వాత సన్నది, చివర్న నీళ్ళలో తడిపి రుద్దే అతి సన్నది. ఒక నంబరు దాటేసి ఇంకో నంబరుకు దూకితే ఆమె దృష్టిలో అది మోసం. చీర కొంగును ముక్కుకు చుట్టుకొని, గోనెసంచి మీద కూర్చొని, రిమ్మును ఒడిలో తిప్పుకుంటూ, కళ్ళు మూసుకొని గోరు నడిపించేది.

"కండ్లు మూసుకుంటరెందుకక్కా?" అని ఒకసారి అడిగాను.

"కండ్లకు తొందరెక్కువ తమ్మీ. మెరిస్తె చాలు, అయిపోయిందంటయ్" అంది.

లోపలి నుంచి అత్త అందుకుంది. "గా పిలగానికేం చెప్తవే? పొద్దున మీటింగుల వాని గొంతు ఇని మన బర్రె పాలియ్యకపాయె."

"బర్రె మనది కాదత్తా, పక్కింటోళ్ళది."

"ఎవలదైతేంది, పాలైతె ఇయ్యలేదు గద!"

ఇట్లా సాగేది ఆ వాకిలి.

దసరా వస్తే ఆమెకు క్షణం తీరేది కాదు. ఆయుధ పూజ నాటికి అడ్డా మీది టాక్సీలన్నీ తళతళలాడాలి. పదిహేను రోజుల ముందు నుంచే రిమ్ములు వాకిట్లో వరస కట్టేవి. నేను అక్కడ చేరిన మొదటి ఏడే ఒక వింత గమనించాను. పండుగ ముందు రోజు పొద్దున్నే ఓదెమ్మక్క సిద్ధమైన రిమ్ములను గోనె గుడ్డలో చుట్టి అరుగు మీద పెట్టి, లోపలికి పోయి తలుపు దగ్గరేసుకునేది. డ్రైవర్లు వచ్చి, కేకేయకుండా, తలుపు వైపు చూడకుండా, రిమ్ములు ఎత్తుకొని పోయేవారు. పూజకు పోయే చక్రానికి విధవ ఎదురు కారాదట! ఆమె చేతులు పది రోజులు ఆ చక్రాన్ని ఒడిలో పెట్టుకొని రుద్దొచ్చు. ముఖం మాత్రం కనిపించకూడదు. పైగా షెడ్డులో చేయించామని ఓనర్లకు చెప్పేవారట. చేతికి లేని అపశకునం ముఖానికి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న నన్ను నిలువునా కాల్చింది.

"ఎందుకక్కా దాక్కుంటరు?"

"దాక్కుంటలేను తమ్మీ, చాయ తాగుతాన" అంది, గ్లాసు చూపించి.

ఆ జవాబుతో నేను ఆగి ఉంటే బాగుండేది. మరుసటి ఏడు దసరాకు నాలుగు రోజుల ముందు హనుమకొండలో మా సభ జరిగింది. అంశం మూఢనమ్మకాలు. మైకు నా చేతికొచ్చింది. శకునాల మీద మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు పెంచాను. "రేపు దసరాకు మీరు కుంకుమ పెట్టబోయే టాక్సీ చక్రాలకు మెరుగు పెట్టిందెవరో తెలుసా? సుబేదారిలో మా పక్కింటి విధవ స్త్రీ! ఏళ్ళ తరబడి ఆమె చేతుల మీదుగా పోయిన చక్రాల్లో ఒక్కటైనా ఊడిందా? ఊడనప్పుడు అపశకునం ఎవరిది, ఆమెదా, మీ బుర్రలదా?" చప్పట్లు మోగాయి. అంత గట్టిగా అంతకు ముందెన్నడూ మోగలేదు. ఇంటికి నడిచి కాదు, తేలి వచ్చాను.

మర్నాడు నేను ఆఫీసుకు బయల్దేరుతుండగానే మొదటి రిక్షా వచ్చింది. సాయంత్రానికి వాకిలి ఖాళీ. సగం రుద్దినవి, సోడాలో నానుతున్నవి, తుప్పు పట్టకుండా రెడాక్సైడు పూసి ఎండబెట్టినవి, అన్నీ తీసుకెళ్ళిపోయారు. మా సభకు వచ్చినవాళ్ళలో టాక్సీ ఓనర్లూ ఉన్నారు మరి. అందరికన్నా చివర్న వచ్చింది సత్తయ్య. ఓదెమ్మక్క భర్తకు స్నేహితుడు, ఆమెను వదినె అని పిలిచేవాడు. తల దించుకొనే మాట్లాడాడు.

"వదినె, నాదేం లేదు. మా ఓనర్ వద్దన్నడు. బయట ఎరికైపోయినంక నేనేం జేత్తు?"

"తీస్కపో సత్తయ్యా. కని గా మూడో రిమ్ముకు బోల్టు తొర్ర కాడ పగులున్నట్టు అనుమానంగున్నది. ఇంక పరీక్ష చెయ్యలే. దాన్ని ఎక్కియ్యకు."

"మంచిది వదినె, మంచిది" అంటూనే నాలుగు రిమ్ములూ రిక్షాలో వేసుకొని పోయాడు. ఆ 'మంచిది' ఆమె మాటకు కాదు, తొందరగా బయటపడటానికి.

నేను ఆమె ముందుకు వెళ్ళాను. క్షమాపణ చెప్పాలని వెళ్ళి వాదం మొదలుపెట్టాను. అది నా రోగం. "నేను చెప్పింది అబద్ధమా అక్కా? ఒక్క ముక్కైనా తప్పా?"

"ఒక్క ముక్క గూడ తప్పు లేదు."

"మరి?"

"నన్నడిగినవా?"

ఆమె గొంతు పెంచలేదు. ఖాళీ వాకిట్లో నీళ్ళు చల్లుతూ అంది. "రిమ్ము తెచ్చెటోన్ని గూడ నేను అడుగుత తమ్మీ, ఏం రంగెయ్యాల్నని. నువ్వు మనిషిని పట్టుకపోయి మైకు ముంగట నిలవెట్టినవు. వాండ్ల బుర్రల ఎన్ని ఏండ్ల పాత రంగున్నది? తీసినవా? రుద్దినవా? తుప్పు మీద కొత్త రంగు కొట్టినవు. నిన్న మస్తు మెరిసింది. ఇయ్యాల పొట్టు లేస్తాంది. లేస్తె లేసె, నా వాకిట్లనే లేసె."

అత్త వచ్చి ఖాళీ సోడా తొట్టిని గోడవార బోర్లించింది. అదే నాకు ఎక్కువ తగిలింది. ఆ ఇంట్లో ఇద్దరి తిండీ ఆ తొట్టిలో నుంచే వచ్చేది. చప్పట్లు నావి, ఆరిన పొయ్యి వాళ్ళది.

దసరా పొద్దున నేను అడ్డా మీదుగా వెళ్ళి వచ్చాను. బండ్లకు మామిడాకులు, బంతిపూలు కట్టారు. సత్తయ్య టాక్సీ నాలుగు చక్రాలూ వెండిలా మెరుస్తున్నాయి. మధ్యాహ్నం ఏటూరునాగారం కిరాయి ఉందని ఎవరితోనో గొప్పగా చెబుతున్నాడు. ఇంటికొచ్చి మాటవరసకు ఆ సంగతి చెప్పాను. ఓదెమ్మక్క చేతిలో పని ఆగిపోయింది.

"స్టెప్నీ చూసినవా? ఏ రంగున్నది?"

"డిక్కీ తెరిచే ఉంది. పాత తుప్పు రంగే."

"అంటె నాలుగు ఎక్కించిండు. మూడోది గూడ." లేచి, మూలనున్న కిరసనాయిలు సీసా నా చేతికిచ్చి, సుద్దపొడి మూటకట్టి కొంగున ముడేసుకుంది.

అత్త గుమ్మంలోకి వచ్చేసింది. "ఓసి, పండుగ పూట అడ్డ కాడికి పోతవా? చూసినోళ్ళేమంటరే?"

"చూడాల్ననే పోతాన అత్తా."

అడ్డా దగ్గర అప్పుడే కొబ్బరికాయలు కొడుతున్నారు. ప్రతి చక్రం కింద ఒక నిమ్మకాయ. మమ్మల్ని చూడగానే ఒక ముసలి డ్రైవరు ముఖం తిప్పుకున్నాడు. "కొట్టె యాల్లకే ఎదురొచ్చిందిరా" అన్నాడొకడు, మేం వినేట్టుగానే. సత్తయ్య పరుగెత్తుకొచ్చి చేతులు జోడించాడు. "వదినె, నీ కాల్మొక్కుత. ఇయ్యాల వద్దు. రేపు రా, ఎల్లుండి రా."

"నా మొకం చూడకు సత్తయ్యా, రిమ్ము చూడు." అంటూ ఆమె ఒక్కో చక్రం అంచున తనకు గుర్తున్న సొట్ట కోసం గోరు నడిపించి, వెనుక కుడి చక్రం దగ్గర ఆగింది. "దీన్ని ఇప్పు. పగులు లేకపోతె బిగించుకో, నేను మళ్ళ ఈ తొవ్వకు రాను."

గుంపు దగ్గరికి జరిగింది. ఎవరో నవ్వారు. గొంతు సవరించుకొని "మిత్రులారా" అన్నాను. ఓదెమ్మక్క నా వైపు తిరిగింది.

"తమ్మీ, మాట్లాడకు. సుద్దపొడి పట్టుకో."

పట్టుకున్నాను. నా జీవితంలో నేను ఆపేసిన ఉపన్యాసం అదొక్కటే. అన్నిటికన్నా పనికొచ్చిందీ అదే.

సత్తయ్య అడ్డం చెప్పలేక జాకీ పెట్టాడు. వెనుక కుడి చక్రం కింది నిమ్మకాయను ఆమే తీసి, చిదమకుండా పక్కన పెట్టింది. చక్రం విప్పి బోర్లా పడుకోబెట్టారు. వెండి రంగు ముందు వైపే కొట్టారు. వెనుక వైపు ఆమె ఒలిచిన ఇనుము అట్లాగే ఉంది. గోరు నడిపించింది. తల ఊపింది. ఇంకో చక్రం విప్పమనలేదు. గుడ్డతో బోల్టు తొర్రల చుట్టూ కిరసనాయిలు పూసింది. ఒక బీడీ కాలేంత సేపు ఆగింది. పొడిగుడ్డతో చుక్క మిగలకుండా తుడిచింది. దాని మీద పల్చగా సుద్దపొడి చల్లి, సుత్తి పిడితో మెల్లగా తట్టసాగింది. ఇది వాళ్ళ నాయన నేర్పిన పద్ధతి. ఆయన కాజీపేటలో రైలింజన్ల షెడ్డు పనివాడు. ఇనుములో పగులుంటే నూనె అందులోకి ఇంకుతుంది. పైన తుడిచినా లోపలిది ఉండిపోతుంది. తట్టితే బయటికొచ్చి సుద్దను తడుపుతుంది. అంతే. మంత్రం లేదు, మర్మం లేదు.

మొదట ఏమీ లేదు. తెల్లటి సుద్ద. "ఏంలేదు గదనే" అని ఎవరో అన్నారు. ఆమె తట్టుతూనే ఉంది. అప్పుడు ఒక బోల్టు తొర్ర అంచున వెంట్రుక లాంటి నల్లగీత కనిపించింది. చూస్తుండగానే అది ముందుకు పాకింది. పక్క తొర్ర దాకా పాకి ఆగింది.

చప్పట్లు లేవు. కేక లేదు. సత్తయ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. "కిరాయోళ్ళ ఎంబడి నా పిలగాన్ని గూడ తోల్కపోదామనుకున్న వదినె" అన్నాడు. తాను గెలిచానన్న మాట ఆమె నోట రాలేదు. చూశారా అనలేదు. "స్టెప్నీ ఎక్కియ్. తుప్పున్నా గట్టిగున్నది" అని మాత్రం అంది. ఆ గుంపులో అందరికన్నా వయసైన డ్రైవరు, ఇందాక మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నవాడే, తలపాగా సర్దుకుంటూ ముందుకొచ్చాడు. "బిడ్డా, నా బండియి గూడ జర చూస్తవా?" మిగతా పండుగంతా ఆమె ఒక్కో చక్రం ముందు కూర్చుంది, నేను సుద్దపొడి పట్టుకొని నిలబడ్డాను.

అందరూ మారిపోయారని రాస్తే అది అబద్ధం. కొందరు మళ్ళీ ఎన్నడూ రాలేదు. కానీ మరుసటి దసరాకు సత్తయ్య పట్టపగలే వచ్చి, తలుపు ముందు నిలబడి, "వదినె, నీ చేతుల మీదుగ ఇయ్యి" అని అడిగి తీసుకున్నాడు. నిమ్మకాయలు మాత్రం మానలేదు. "ఇంకా ఇవెందుకు?" అని నేను నిలదీస్తే నవ్వాడు. "ఉండనియ్ సారూ. వదినె చూసినంక గవ్విటికేం పని లేదు, ఊకెనే కూసుంటయ్."

తర్వాత రెండు మూడేళ్ళకు ఒక కాంట్రాక్టరు విదేశీ కారు రిమ్ములు పంపించాడు. అటువంటివి మేమెప్పుడూ చూడలేదు. తేలిగ్గా ఉన్నాయి. అయస్కాంతం అంటలేదు. డ్రైవరు తొందర పెడుతున్నాడు, తొట్టిలో సోడా నీళ్ళు కాగుతున్నాయి. ఆమె ముంచలేదు. "ఇది మనకెరుక లేని లోహం. ముందు అడుగుదాం" అని లోపలి వైపు ఎవరికీ కనిపించని చోట పుల్లతో ఒక్క చుక్క సోడా పెట్టింది. చుక్క బుసబుసా పొంగింది. తుడిచి చూస్తే లోహం కొరికినట్టుంది. అల్యూమినియం! తొట్టిలో వేసి ఉంటే నాలుగూ తినేసేది. వాటిని సబ్బునీళ్ళతో, సన్న కాగితంతో, పన్నెండు రోజులు చేత్తోనే రుద్దింది. ముందు అడుగుదాం. ఇనుముకైనా, తెలియని లోహానికైనా ఆమె ఇచ్చిన ఆ మర్యాదను నేను ఒక మనిషికి ఇవ్వలేకపోయానని ఆ రోజు ఇంకోసారి సిగ్గుపడ్డాను.

ఆమెలో లోపం లేదా? ఉంది. లోకంలోని పగుళ్ళన్నీ పట్టుకున్న మనిషి తన దగ్గును పట్టించుకోలేదు. దవాఖానకు రమ్మని ఎంత వాదించినా కదల్లేదు. "ఇనుమైతె సుద్ద చల్లి చూద్దుము, మనిషిని ఎట్ల చూస్తరు?" అని నవ్వేసేది. "ఎక్స్‌రే తీస్తరక్కా" అంటే "పండుగ పోయినంక" అనేది. ఆ వాదంలో నేను ఓడిపోయాను. నా ఓటముల్లో ఇప్పటికీ మింగుడుపడనిది అదొక్కటే.

నాకు బదిలీ అయి వెళ్ళిపోయే ముందు, బుద్ధి తెచ్చుకొని ఆమెను అడిగాను. "అక్కా, మీ గురించి రాయొచ్చా?"

రుద్దుతున్న రిమ్ము నుంచి తలెత్తకుండానే అంది. "నేను పోయినంక రాయి తమ్మీ. అప్పుడైతె గిరాకి పోదు."

ఎనభైలు ముగియక ముందే ఆమె పోయింది. అప్పుడే రాశాను కూడా. చదువుకుంటే అందులో ఆమె దేవతలా మెరుస్తోంది. జీవితమంతా దేవతలతో పోట్లాడినవాణ్ణి, నేనే ఒక దేవతను తయారుచేశాను! చింపేశాను. తర్వాత ఎన్నోసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట వాక్యం తుప్పు మీద మెరిసేది. ఏ వ్యాసమైనా అచ్చుకు పంపే ముందు కళ్ళు మూసుకొని ఎవరిచేతనైనా చదివించుకోవడం నాకు అలవాటు. నా గొంతులో విన్నప్పుడు దొరకని మెట్లు అప్పుడు దొరుకుతాయి.

మొన్న సెల్లార్‌లో ఆ కుర్రాడు రంగు డబ్బా పక్కన పెట్టి మళ్ళీ కాగితం తడుపుకున్నాడు. నేను పైకి వచ్చి, పాలు గిన్నెలో పోసి, రాయడానికి కూర్చున్నాను. ఇది ఆ కుర్రాడి చేతే చదివించుకున్నాను. రెండు చోట్ల గోరు ఆగింది. రుద్దాను.